పర్లాకిమిడి నుంచి హైదరాబాదుకు, ఏడాది సేవా ఉద్యోగానికి: తరచుగా అడిగే ప్రశ్నలు

2022 జూన్‌లో పలాసలో రైలెక్కాను. 2023 మే ఆఖర్లో మళ్ళీ పలాసలోనే దిగాను. మధ్యలో ఉన్నదంతా హైదరాబాదు. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున బోరబండ వైపు బస్తీలో, ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పని. చదవడం రాని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఒడిశాలోని మా పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు తెలుగు కుర్రాళ్ళూ అమ్మాయిలూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. తిప్పి తిప్పి అవే ప్రశ్నలు. అందుకని జవాబులు ఒకచోట రాసి పెట్టాను.

ఇందులో పని గురించి తక్కువ, గది గురించి, డబ్బు గురించి, కాగితాల గురించి ఎక్కువ ఉంటుంది. నాతో పాటు చేరిన పదకొండు మందిలో ముగ్గురు మధ్యలో మానేశారు. ఒక్కరు కూడా పని కష్టమై మానలేదు.

ఇది ఉద్యోగమా, ట్రైనింగా, సేవా? ఇంట్లో ఏమని చెప్పాలి?

మూడూ కొంచెం కొంచెం. ఏడాదికి ఒప్పందం రాస్తారు, నెల నెలా స్టైపెండ్ ఇస్తారు. దాన్ని జీతం అనరు, పీఎఫ్ లాంటివి మామూలుగా ఉండవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని మాత్రం ఉద్యోగంలాగే ఉంటుంది.

ఇలాంటి పనుల్ని ఫెలోషిప్పులు అంటారు. అన్నీ ఒకటి కావు. టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ళు, పెద్ద నగరాల్లో. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలలు, అది పల్లెల్లో. ఇవి కాక బడుల్లో, ఆసుపత్రి హెల్ప్‌డెస్కుల్లో, బస్తీల్లో ఏడాది పాటు పనిచేయించుకునే చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. పేరు చూసి సంబరపడకుండా ఒప్పంద కాగితం అడగండి. ఎన్ని నెలలు, ఏ ఊరు, స్టైపెండ్ ఏ తారీఖున పడుతుంది, మధ్యలో మానేస్తే ఏమిటి: ఈ నాలుగూ అందులో ఉండాలి. నోటిమాటగా "అన్నీ చూసుకుంటాం" అంటే, చూసుకోరని అర్థం.

ఇంట్లో నేను "బడిలో పని, ఏడాది కాంట్రాక్టు" అని చెప్పాను. మా నాన్న వీధిలో "మావాడు హైదరాబాదులో మాస్టారు" అని చెప్పుకున్నారు. నేను దిద్దలేదు.

ఇచ్చే డబ్బు సరిపోతుందా?

సరిపోతుంది, మొదటి నెల తప్ప.

నాకు నెలకు 15,000 ఇచ్చేవారు. హాస్టలుకు తిండితో కలిపి 6,000. బస్సులు, షేర్ ఆటోలకు 1,200 దాకా. ఫోను, సబ్బులు, టీలు, ఆదివారం రాత్రి హాస్టల్లో వంట ఉండదు కాబట్టి బయట తిండి, అన్నీ కలిపి మరో మూడు వేలు. ఇంటికి రెండు వేలు పంపినా ఎంతోకొంత మిగిలేది. ఇవి అప్పటి లెక్కలు, ఇప్పుడు కొంచెం పెంచుకోండి.

చిక్కు ఎక్కడంటే, నేను జూన్ మొదటి రోజుల్లో చేరితే మొదటి స్టైపెండ్ పడింది జూలై 7న. ఈలోపు హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెల అద్దె, పరుపు, బకెట్టు, తాళం. నేను పట్టుకెళ్ళిన 9,000 పందొమ్మిదో రోజుకు అయిపోయాయి. అమ్మకి చెప్పలేక రెండు రోజులు మధ్యాహ్నం టీ, బిస్కెట్లతో గడిపాను. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ అది కనిపెట్టి, మూడో రోజు "ఏం సారూ, ఉపాసమా?" అని పళ్ళెంలో అన్నం పెట్టింది. మీకు అలాంటి ఆవిడ దొరుకుతుందో లేదో. 20,000 చేతిలో లేకుండా కదలకండి. అప్పు చేయాల్సి వస్తే ఇంట్లో వాళ్ళ దగ్గర చేయండి, ఫోన్‌లో దొరికే లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోకండి.

ఇంకో సంగతి. కొన్ని సంస్థలు స్టైపెండ్‌ను వృత్తి ఫీజు కింద చూపించి 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోసుకుంటాయి. ఆ డబ్బు పోయినట్టు కాదు. మీ ఆదాయం పన్ను పడేంత ఉండదు కాబట్టి గడువులోపల రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. పాన్ కార్డు లేకపోతే ఇంకా ఎక్కువ కోస్తారు, అది ముందే తీసుకోండి. నాతో ఉన్న వాళ్ళలో సగం మందికి ఈ ముక్క తెలియక ఆ డబ్బు అడగనే లేదు.

గది ముందే ఫోన్‌లో మాట్లాడుకుని వెళ్ళొచ్చా?

వద్దు. నేను చేసిన తప్పే ఇది. పర్లాకిమిడిలో కూర్చుని ఫోటోలు చూసి, కిటికీ బాగుందని ముచ్చటపడి, 2,000 టోకెన్ పంపాను. పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆ అడ్రసుకు వెళ్తే వాచ్‌మన్ నా ఫోన్‌లో ఫోటో చూసి, "గిసుంటి రూమ్ ఈడ లేదు తమ్మీ, నీ లెక్కనే మొన్న ఇంకొకాయన వచ్చిండు" అన్నాడు. చివరికి పాతపట్నం నుంచి వచ్చి అక్కడ పనిచేసుకుంటున్న ఒకన్న గదిలో రెండు రాత్రులు నేల మీద పడుకున్నాను.

తెలిసినవాళ్ళ దగ్గర రెండు మూడు రోజులు ఉండేలా చూసుకుని వెళ్ళండి. పగలు తిరిగి, కళ్ళతో చూసి, అప్పుడు డబ్బు ఇవ్వండి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు ఎక్కువ కాబట్టి హాస్టళ్ళూ ఎక్కువే. గల్లీ మొదట్లో నిలబడితే పది బోర్డులు కనిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి కూడా అంతే. కానీ హాస్టల్ బాగుందా అనే దానికంటే పనిచేసే చోటికి ఎంత దూరం అనేది ముఖ్యం. రెండు బస్సులు మారి వెళ్ళే గది ఎంత చవకైనా ఖరీదే.

చూడడానికి వెళ్ళినప్పుడు బాత్రూంలో నల్లా తిప్పండి. సాయంత్రం భోజనం వేళకు వెళ్ళి మెస్‌లో తినేవాళ్ళ మొహాలు చూడండి. "అడ్వాన్సు ఎప్పుడు, ఎంత తిరిగిస్తారు?" అని అడిగి, జవాబు ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. నెల ముందు చెప్పలేదని నా స్నేహితుడి 3,000 ఒక హాస్టలాయన ఉంచేసుకున్నాడు. నెల ముందు చెప్పాలని ఎవరూ చెప్పలేదు, చెప్పారనడానికి రుజువూ లేదు.

హాస్టల్ కాకుండా ఇల్లు తీసుకుంటే ఓనర్లు మన ఊరి తర్వాత రెండో ప్రశ్నగా "మీరు ఏమిటోళ్ళు?" అని అడుగుతారు. కులం అడుగుతున్నారు. కొందరు మాంసం వండకూడదంటారు, కొందరు బ్యాచిలర్లకు ఇవ్వమంటారు. అడిగినవాళ్ళకి సిగ్గు లేకపోయినా విన్నవాళ్ళకి ఉంటుంది. మాలో ఒకతను మూడు ఇళ్ళ దగ్గర ఇది విని నాలుగో ఇల్లు చూడనే లేదు, హాస్టల్లో చేరిపోయాడు. మానేసిన ముగ్గురిలో అతను ఒకడు. ఏడాదికైతే హాస్టలే నయమని నా అభిప్రాయం.

మనమూ తెలుగువాళ్ళమే కదా, హైదరాబాదులో భాషకి ఇబ్బందేముంది?

అందరూ ఇలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను.

ఒకటి, మన చేతిలో ఒడిశా ఆధార్ చూడగానే "ఒడియా వాళ్ళా? తెలుగు బాగా మాట్లాడుతున్నారే!" అంటారు. ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచి మాట్లాడుతున్నది తెలుగేనండీ అంటే నమ్మరు. భువనేశ్వర్ వెళ్తే మనల్ని "తెలుగు పిల్లలు" అంటారు, హైదరాబాదు వస్తే "ఒడియా పిల్లలు" అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గీత మన ఊరికి అటువైపు పడిందని ప్రతివాళ్ళకీ కూర్చుని చెప్పలేం. మొదట్లో చెప్పేవాణ్ణి. తర్వాత "శ్రీకాకుళం పక్కన" అనడం మొదలుపెట్టాను, అది అందరికీ తెలుసు.

రెండు, మాట. మనం "ఏటి?" అంటాం, వాళ్ళు "ఏంది?" అంటారు. పిల్లలు మొదటి వారం నేను నోరు తెరిస్తే చాలు నవ్వేవారు. "ఏటి సార్, ఏటి సార్" అని వెంటపడి వెక్కిరించేవారు. కోపం వచ్చింది కూడా. నెల తిరిగేసరికి వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటూ "ఏటిరా నువ్వు!" అనుకోవడం విన్నాను. మీరు మీ మాట దాచుకోకండి. "గిట్ల", "జర", "ఆడ", "పైసలు" వింటూ వింటూ అవే వస్తాయి. బస్తీలో ఉర్దూ కలిసిన హిందీ కూడా కావాలి: ఆటోకి, కూరగాయలకి, సగం మంది పిల్లల తల్లులతో మాట్లాడటానికి.

మూడు, చదవడం రాయడం. అసలు ఇబ్బంది ఇది. మనలో చాలామంది ఒడియా మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు నోటికి వచ్చు, చేతికి రాదు. నాకు మా అమ్మ అక్షరాలు నేర్పింది కానీ వేగం లేదు. బోర్డు మీద "ఠ" రాస్తే మధ్యలో చుక్క మరిచిపోయేవాణ్ణి, ఒడియాలో ఆ అక్షరం ఉత్త గుండ్రం కాబట్టి. మూడో తరగతి పిల్ల లేచి "సార్, సున్నా రాసిన్రు" అంది. ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పిల్లలతో పాటు నేనూ ఆ ఎడమ పేజీ, కుడి పేజీ కలిపి చదువుకున్నాను. బయల్దేరే ముందు రెండు నెలలు రోజూ ఒక తెలుగు దినపత్రిక పైకి చదవండి, ఒక పేరా చూసి రాయండి. అది చాలు.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. మా హెడ్‌మేడమ్ ప్రార్థన దగ్గర ఆయన గురించి రెండు మాటలు చెప్పమంటే, ఆయన పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనేనని, మా కొండల్లో సవరల భాష నేర్చుకున్నాడని, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని పోట్లాడాడని చెప్పాను. అంతా అయ్యాక వెనక వరసలోంచి ఒక గడుగ్గాయి, "ఆయన గూడ ఏటి అంటుండెనా సార్?" అని అడిగాడు. అనే ఉంటారన్నాను.

నేను ఒడియాయే బాగా చదవగలను. అక్కడ దానికి విలువ ఉందా?

ఉంది, మీరు అనుకునేదానికంటే ఎక్కువ. బొలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా వేలమంది కుటుంబాలతో సహా హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వస్తారు. పంట పనులు అయ్యాక బయల్దేరి, వానలకు ముందు తిరిగి వెళ్తారు. వాళ్ళ పిల్లలకు తెలుగు రాదు, ఊరి బడి మధ్యలోనే ఆగిపోతుంది. బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే బడులు కొన్ని నడుస్తున్నాయి, అక్కడ ఒడియా చదివించగలిగే మనిషి దొరకడమే గగనం. దరఖాస్తులో "తెలుగు, ఒడియా, హిందీ" అని ముందు వరసలో రాయండి. నేను ఎక్కడో చివర్లో రాశాను. సంస్థవాళ్ళు జనవరిలో చూసి, నన్ను వారానికి రెండు రోజులు నగరం అంచున ఒక బట్టీ దగ్గరికి పంపారు. అక్కడ మొదటి రోజు ఒక పిల్ల నా నోట ఒడియా విని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి, పలకా, చెల్లెల్నీ తీసుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

ఒడిశా ఆధార్, ఒడిశా కార్డులతో అక్కడ ఏవి పనిచేస్తాయి, ఏవి పనిచేయవు?

ఆధార్ అడ్రసు మార్చకండి. ఏడాది కోసం మార్చి, మళ్ళీ మార్చుకోవడం దండగ.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, కానీ తెలంగాణ వాళ్ళకే. నా తర్వాత వెళ్ళిన గుణుపూర్ అమ్మాయి మొదటి రోజు సంబరంగా ఆధార్ చూపిస్తే, కండక్టర్ అడ్రసు చదివి "టికెట్ తీస్కోవాలె బిడ్డా" అందట. కాబట్టి అమ్మాయిలూ, బస్సు ఖర్చు లెక్కలో వేసుకోండి.

రేషన్ కార్డు దేశంలో ఎక్కడైనా పనిచేస్తుంది, వేలిముద్ర వేసి మీ వాటా తీసుకోవచ్చు. హాస్టల్లో ఉండేవాళ్ళకి దాంతో పని లేదు, ఇంట్లోనే ఉండనివ్వండి. ఈ-కేవైసీ మిగిలి ఉంటే మాత్రం వెళ్ళేముందే వేలిముద్ర వేసి వెళ్ళండి.

తెలంగాణ ఆరోగ్యశ్రీ మనకి రాదు. కానీ ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్ అమలు మొదలైంది. మీ కుటుంబానికి ఆ కార్డు ఉంటే, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు బయటి రాష్ట్రంలో కూడా పనికొస్తుంది. జ్వరం, దగ్గుకు చూపించుకోవడానికి కాదు, అడ్మిట్ అయితేనే. కార్డులో మీ పేరు కూడా ఉందో లేదో చూసుకోండి.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్రా పథకం డబ్బు వచ్చే అమ్మాయిలు ఆధార్‌కి కలిపిన బ్యాంకు ఖాతా మార్చకండి. సంస్థవాళ్ళు కొత్త ఖాతా తెరవమంటే తెరవండి, ఆధార్ లింకు మాత్రం పాతదానికే ఉంచండి.

ఓటు ఊళ్ళోనే ఉండనివ్వండి.

ఏ రైలు? ఎప్పుడు బుక్ చేసుకోవాలి?

పలాస నుంచి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్, ఇలా చాలా ఉన్నాయి. రాత్రంతా ప్రయాణం. బరంపురం వాళ్ళకి వాళ్ళ స్టేషన్‌లోనే ఇవి దొరుకుతాయి. రాయగడ వాళ్ళు విజయనగరం వచ్చి మారితే ఎక్కువ రైళ్ళు. మలకనగిరి వైపు రైలు లేదు కాబట్టి మోటు మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి హైదరాబాదు బస్సు ఎక్కుతారు.

2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులు ఉండేది. తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతా కావాలి. సంక్రాంతికి రావాలంటే సరిగ్గా అరవయ్యో రోజు పొద్దున్న ఎనిమిదికి ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

టికెట్ మీద చివరి స్టేషన్ చూసుకోండి. చర్లపల్లిలో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలయ్యాక కొన్ని రైళ్ళు అక్కడికే వస్తున్నాయి. అది నగరానికి తూర్పు అంచు. సికింద్రాబాద్‌లో దిగితే స్టేషన్ పక్కనే మెట్రో ఉంది, మారకుండా నేరుగా అమీర్‌పేట వెళ్తుంది. ఆటోవాళ్ళు భుజం మీద సంచీ లాగేసుకుంటారు, ఇవ్వకండి.

ఊళ్ళో తిరగడానికి ఎంఎంటీఎస్ రైలు అన్నిటికంటే చవక, 5 రూపాయల నుంచి టికెట్. వస్తే.

తిండి?

కారం ఎక్కువ, పులుపు ఎక్కువ, అన్నం సన్నబియ్యం. ఉప్పుడు బియ్యం అలవాటైనవాళ్ళకి మొదట్లో కడుపు నిండినట్టే ఉండదు. చద్దన్నం అడిగితే హాస్టల్ వంటాయన నన్ను అదోలా చూశాడు. రాత్రి మిగిలిన అన్నం ఒక గిన్నెలో నీళ్ళు పోసి పెట్టమని, పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటానని చెప్పి ఒప్పించాను. ఏప్రిల్ వచ్చేసరికి ఆయనా తినేవాడు.

చేతిలో డబ్బు లేని రోజుకి: నగరపాలక సంస్థ 5 రూపాయల భోజనం 2014 నుంచి ఉంది. మొన్నటిదాకా అన్నపూర్ణ అనేవారు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. కూలీలు, ఆటోవాళ్ళు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఒకే వరసలో నిలబడతారు. మొహమాటపడకండి.

మన వైపు రుచి కావాలనిపిస్తే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో జగన్నాథుడి గుడి ఉంది, 2009లో కట్టారు. నేను దేవుడి కోసం వెళ్ళానని చెప్పను. ఆదివారం అక్కడ నాలుగు వైపులా ఒడియా వినిపిస్తుంది, అందుకోసం వెళ్ళేవాణ్ణి.

"బాబూ, ఆడపిల్లని ఒక్కర్తినీ పంపొచ్చా?"

ఈ ప్రశ్న అమ్మలే అడుగుతారు, నాన్నలు పక్కన నిలబడి వింటారు.

పంపొచ్చమ్మా. ఒక్కసారి మీరు కూడా వెళ్ళి రండి. గుణుపూర్ అమ్మాయి వాళ్ళ నాన్న హాస్టల్ ఆఫీసులో గంటసేపు కూర్చుని, ఓనర్‌తో టీ తాగి, వంటావిడ ఊరేదో కనుక్కుని, ఆమె పార్వతీపురం ఆవిడని తెలిసి నిశ్చింతగా వెనక్కి వచ్చాడు. గేటు ఎన్నింటికి మూస్తారు, వార్డెన్ అక్కడే పడుకుంటుందా, పనిచేసే చోటు నుంచి చీకటి పడకముందు రాగలదా, ఈ మూడూ చూడండి. ఆపదలో 112 లేదా 100, ఆడవాళ్ళకి 181. వేధింపులకు షీ టీమ్స్ అని 2014 నుంచి పోలీసు బృందాలు ఉన్నాయి, ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బయటికి రానివ్వరు.

"ఏడాది పోతే సంబంధాలు తప్పిపోతాయేమో" అని కూడా అడుగుతున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, పిల్లని అడగండి.

ఒంట్లో బాగోకపోతే?

చిన్నాచితకా జబ్బులకు బస్తీ దవాఖానా. పగలు తెరిచి ఉంటుంది, డాక్టరు, మందులు ఉచితం. పెద్దదైతే గాంధీ, ఉస్మానియా. అంబులెన్సుకి 108. బోరు నీళ్ళకి జుట్టు ఊడుతుందని అందరూ అంటారు.

ఇంటి మీద బెంగ ఎప్పటికి తగ్గుతుంది?

నాకు ఆగస్టు దాటాక. మొదటి వారం కొత్త, సరదాగానే గడుస్తుంది. మూడో వారం నుంచి మొదలవుతుంది, అదీ సాయంత్రాలు. రోజుకి నాలుగుసార్లు ఇంటికి ఫోన్ చేస్తే తగ్గదు, పెరుగుతుంది. నేను రాత్రి ఎనిమిదికి ఒక్కసారే అని పెట్టుకున్నాను.

జూలైలో ఒకరోజు వాన. ఇరానీ హోటల్ చూరు కింద నిలబడి చాయ్ తాగుతున్నాను. వెనకనుంచి ఎవరో "ఏటి బావా, ఎల్లిపోదుమా?" అన్నారు. చాయ్ ఒలికిపోయేంత వేగంగా తిరిగాను. సిమెంటు మరకల లుంగీలతో ఇద్దరు మేస్త్రీలు. మెళియాపుట్టి వాళ్ళు. "నువ్వెవరి తాలూకా?" అని అడిగారు. ఆ మాట విని ఎన్ని రోజులైందో! మా నాన్న పేరు, వీధి పేరు చెప్పాను. వాళ్ళకి తెలియదు, అయినా తలూపారు. తర్వాత నెలకోసారి వాళ్ళ గదికి వెళ్ళి ఎండుచేపల కూర తినేవాణ్ణి. శ్రీకాకుళం జిల్లా నుంచి కట్టడాల పనికి వచ్చినవాళ్ళు హైదరాబాదులో ఎక్కడపడితే అక్కడ ఉంటారు. చెవులు తెరిచి ఉంచుకుంటే చాలు, దొరుకుతారు.

సెలవులు ఇస్తారా?

బడిలో పనైతే దసరా, సంక్రాంతి సెలవులు బడితో పాటే. అయినా సంస్థవాళ్ళు ఆ రోజుల్లో ట్రైనింగులు పెడతారు, ముందే అడగండి. బరంపురం వాళ్ళు ఒకటి చూసుకోండి: ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. మీ ఏడాదిలో పడితే చేరే రోజే చెప్పి సెలవు రాయించుకోండి. ఒకతను చెప్పకుండా వెళ్ళి పన్నెండు రోజుల తర్వాత వచ్చాడు, అతని క్లాసు వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

మధ్యలో మానేయొచ్చా?

మానేయొచ్చు. కొన్ని ఒప్పందాల్లో నెల నోటీసు అని, కొన్నింట్లో ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలని రాస్తారు. రెండోది ఉంటే సంతకానికి ముందు ఎంతో అంకె వేయించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ పెట్టుకుంటామనే చోట చేరకపోవడమే మంచిది.

పిల్లలతో పనైతే మానేముందు వాళ్ళకి చెప్పండి. నా పక్క గదిలో పనిచేసినతను చెప్పకుండా వెళ్ళిపోతే, ఆ పిల్లలు వారం రోజులు నా గుమ్మం దగ్గరికి వచ్చి "ఆ సార్‌కి పాణం బాగలేదా?" అని అడిగారు.

ఏడాది అయ్యాక ఏం వస్తుంది?

పర్మినెంట్ ఉద్యోగం రాదు. ఏడాది ఉన్నంత మాత్రాన తెలంగాణలో లోకల్ కూడా అయిపోరు. మన కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం ఒడిశావే, ఒడిశాలో ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవడానికి ఏ అడ్డూ ఉండదు.

అనుభవ పత్రం మాత్రం ఊరికే "బాగా పనిచేశాడు" అని కాకుండా ఎంతమంది పిల్లలతో, ఏ తరగతులతో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని రాయించుకోండి. చివరి రోజు హడావిడిలో ఇవ్వరు, నెల ముందు అడగండి. నేను వచ్చి బీఎడ్‌లో చేరాను. ఇంటర్వ్యూలో ఆ కాగితం కంటే ఇటుక బట్టీ సంగతే ఎక్కువసేపు అడిగారు.

ఏం పట్టుకెళ్ళాలి?

తక్కువ. రెండు దుప్పట్లు, ఎందుకంటే డిసెంబరులో హైదరాబాదు చలి మన ఊరి చలి కంటే పొడిగా కొరుకుతుంది. మంచి తాళం ఒకటి. పాస్‌పోర్ట్ ఫోటోలు పది. ఆధార్, పాన్, సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు, ఫోన్‌లో ఇంకో సెట్టు. అమ్మ పెట్టిన ఆవకాయ సీసా రైల్లో కారుతుంది, రెండు కవర్లలో చుట్టండి. పరుపు, బకెట్టు, మగ్గు అక్కడే కొనుక్కోండి, లేదా తిరిగొస్తున్నవాళ్ళ దగ్గర తీసుకోండి. నా నీలం బకెట్టు గుణుపూర్ అమ్మాయికి ఇచ్చాను, ఆమె రాయగడ కుర్రాడికి ఇచ్చింది. పిడి విరిగింది, తాడు కట్టాడట. వచ్చే జూన్‌లో అది ఖాళీ అవుతుంది, కావాల్సినవాళ్ళు ముందే చెప్పండి.